ముందు పన్నుకి ఇంప్లాంట్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఎప్పుడో రూట్ కెనాల్ చేయించుకున్న నా పై ముందు పన్ను వేరు నిలువునా చీలింది. అలా చీలితే పీకేయడం తప్ప దారి లేదన్నారు డాక్టర్. ఆ రోజు అద్దంలో చూసుకుంటే ఏడుపొచ్చింది. దవడ పన్ను పోతే ఎవరికీ తెలియదు. ముందు పన్ను పోతే నవ్వొచ్చిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వస్తుంది.

పక్క పళ్ల ఆధారంతో నిలిచే బ్రిడ్జి పెట్టాలంటే అటూ ఇటూ ఉన్న పళ్లు అరగదీయాలి. నావి రెండూ నిక్షేపంలాంటి పళ్లు, మనసొప్పలేదు. పక్క పన్ను వెనక రెక్కతో అతికించే మేరీలాండ్ బ్రిడ్జికి అరగదీత తక్కువే. కానీ నా కింది పళ్లు పై పళ్ల వెనక గట్టిగా తగులుతాయి, అతుకు ఊడే అవకాశం ఎక్కువని వద్దన్నారు. అలా ఇంప్లాంట్ దగ్గర ఆగాను.

ఎముకలో స్క్రూ దింపి, దాని మీద పన్ను ఆకారంలో క్యాప్ బిగిస్తారంటే మొదట భయపడ్డాను. టైటానియంతో ఎముక కలిసిపోతుందని స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే పరిశోధకుడు 1950లలోనే కుందేళ్ల మీద గమనించారట, 1965లో మొదటి మనిషికి పెట్టారట. అంత పాత పద్ధతి అని తెలిశాక టెన్షన్ తగ్గింది. ఆపరేషన్ నొప్పి కూడా అనుకున్నంత లేదు. పెదవి వైపు ఎముక పల్చగా ఉందని స్కాన్‌లో తేలడంతో అక్కడ ఎముక పొడి వేశారు. అది మానడానికి, స్క్రూ అతుక్కోవడానికి కలిపి ఏడు నెలలు పట్టింది.

అన్నిటికంటే కష్టం ఆ ఏడు నెలలే. తీసి పెట్టుకునే పన్నుతో గడిపాను. మొదటి వారాల్లో ‘స’ పలికితే ఈల వచ్చేది. రాత్రి దాన్ని తీసి నీళ్లలో వేసేటప్పుడు లైటు ఆర్పేసేదాన్ని.

తర్వాత మా డాక్టర్ చేసిన పనికి ఇప్పటికీ రుణపడి ఉన్నాను. అసలు క్యాప్ వెంటనే పెట్టలేదు. ముందు తాత్కాలిక క్యాప్ బిగించి, కొన్ని వారాలకోసారి దాని మెడ దగ్గర కాస్త కాస్త రెసిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) చేర్చారు. ఆ ఒత్తిడికి చిగురు తెల్లబడి, పది నిమిషాల్లో మళ్లీ ఎర్రబడేది. రెండు పళ్ల మధ్య నల్లగా కనిపించే చిన్న ముక్కోణం మూడు నెలల్లో చిగురుతో నిండిపోయింది. చూసేవాళ్లు కనిపెట్టేది పన్నును కాదు, చిగురు గీతను. ఈ దశ ఎవరైనా అక్కర్లేదంటే ఒప్పుకోకండి.

రంగు దగ్గర ఒకసారి దెబ్బ తిన్నాను. గంటసేపు నోరు తెరిపించిన తర్వాత షేడ్ చూశారు. పళ్లు ఎండితే తెల్లగా కనిపిస్తాయి కదా, దానికి తగ్గట్టు చేసిన క్యాప్ సుద్దముక్కలా వచ్చింది. తిప్పి పంపించాం. రెండోసారి కుర్చీలో కూర్చోగానే, కిటికీ వెలుగులో చూసుకున్నారు. ఈసారి కుదిరింది. పళ్లు తెల్లగా చేయించుకోవాలనుంటే క్యాప్‌కి ముందే చేయించుకోండి, తర్వాత క్యాప్ రంగు మారదు.

మూడో ఏడు క్యాప్ కొద్దిగా కదిలింది. ఇంప్లాంటే పోయిందేమోనని రాత్రంతా నిద్రలేదు. తీరా చూస్తే క్యాప్‌ని ఇంప్లాంట్‌కి పట్టి ఉంచే లోపలి చిన్న స్క్రూ వదులైంది, అంతే. నాది స్క్రూతో బిగించే రకం కాబట్టి వెనక రంధ్రం తెరిచి అరగంటలో బిగించేశారు. నిద్రలో పళ్లు కొరికే అలవాటుందని అప్పుడే బయటపడింది, ఇప్పుడు రాత్రిపూట పళ్లకి తొడిగే గార్డ్ పెట్టుకుంటున్నాను.

సొంత పన్నుకి ఉండే స్పర్శ దీనికి లేదు. ఎంత గట్టిగా కొరుకుతున్నామో సరిగా తెలియదు, అందుకే గట్టివి పక్క పళ్లతో కొరుకుతాను. ఇంప్లాంట్ పుచ్చిపోదు గానీ చుట్టూ చిగురు వాస్తే ఎముక కరుగుతుంది. రోజూ రాత్రి సందుల్లో సన్నటి బ్రష్ తిప్పుతాను. రక్తం కనిపిస్తే ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్తాను.

ఈ మధ్య ఒకటి గమనించాను. పక్క పన్ను అంచు వెంట్రుకవాసి కిందికి దిగింది. సొంత పళ్లు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటాయి, ఇంప్లాంట్ మాత్రం ఎముకలో బిగుసుకుని అక్కడే ఉంటుంది. ఆ అంచు కాస్త సరిచేయనా అని డాక్టర్ అడిగారు. ఆ పన్నును కాపాడుకోవడానికే కదా అప్పుడు బ్రిడ్జి వద్దన్నాను. ఇప్పుడూ వద్దనే చెప్పాను.