చేనేత ఎగ్జిబిషన్లకు కార్డు మిషన్: మూడు రకాలూ వాడి చూసినాక

ఏడాదికి ఐదారు ఎగ్జిబిషన్లు మాత్రమే పెట్టే చేనేత స్టాలుకు నెల అద్దె మిషన్ దండగ. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న రీడరు, ఒక క్యూఆర్ కోడు, పైసలు పడగానే పలికే సౌండ్‌బాక్సు ఉంటే చాలు. పుట్టపాక, కొయ్యలగూడెం, పోచంపల్లి నుంచి ఇక్కత్, అటు గద్వాల, నారాయణపేట నుంచి జరీ చీరెలు పట్టుకుని శిల్పారామం, పీపుల్స్ ప్లాజా, నుమాయిష్ తిరిగేవాళ్లంతా కార్డు అమ్మకంలో మిషన్ ఇచ్చేవాళ్లు కోసుకునే "పర్సంటు ఎంత?" అనే అడుగుతారు. దానికంటే ముందు అడగాల్సింది "గిరాకీ లేని నెలల్లో నేనెంత కట్టాలి?" అని.

లెక్క వేసి చూద్దాం. పది రోజుల ఎగ్జిబిషన్‌లో కార్డుల మీద 1,50,000 అమ్మారనుకోండి. అందులో క్రెడిట్ 1,00,000, డెబిట్ 50,000. అద్దె మిషన్‌లో క్రెడిట్‌కు 1.8 శాతం పట్టుకుంటే 1,800, దానిమీద 18 శాతం జీఎస్టీ 324. డెబిట్‌కు 0.40 శాతం చొప్పున 200, జీఎస్టీ 36. మొత్తం 2,360 రూపాయలు. అద్దె లేని రీడరు క్రెడిట్‌కు 2.5 శాతం తీసుకుంటే ఇదే అమ్మకానికి 3,186. అంటే ఎగ్జిబిషన్‌కు 826 తేడా. కానీ నెలకు 400 అద్దె, జీఎస్టీతో 472, పన్నెండు నెలలకు 5,664 అవుతుంది. ఇలాంటి ఎగ్జిబిషన్లు ఏడాదికి ఏడు పెడితేనే అద్దె మిషన్ గిట్టుబాటు. మీకు చెప్పిన రేట్లు వేసుకుని ఈ లెక్కే ఒక కాగితం మీద చేయండి. పదిహేను నిమిషాల పని.

డెబిట్ కార్డు రేటుకు హద్దు ఉంది. 2018 జనవరి నుంచి అమలైన ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, ఏడాది అమ్మకం 20 లక్షల లోపున్న చిన్న వ్యాపారికి మిషన్ మీద 0.40 శాతానికి మించకూడదు, ఒక్క లావాదేవీకి 200 దాటకూడదు. అంతకంటే పెద్ద వ్యాపారికి 0.90 శాతం, 1,000 రూపాయల హద్దు. రూపే డెబిట్, యూపీఐ మీద 2020 జనవరి నుంచి వ్యాపారికి చార్జీ లేదు. ఈ డెబిట్ చార్జీని కొనేవాళ్ల మీద వేయకూడదని కూడా ఆ ఆర్‌బీఐ ఆదేశంలోనే ఉంది. క్రెడిట్ కార్డుకు అలాంటి హద్దు లేదు. బేరం ఆడాల్సింది అక్కడే. 12,000 గద్వాల చీరెకు చిన్న వ్యాపారికి రూపే కాని డెబిట్‌లో పోయేది జీఎస్టీతో కలిపి సుమారు 57 రూపాయలు. క్రెడిట్‌లో 1.8 శాతమైతే దాదాపు 255. అగ్గువగా కనిపించాలని ఏజెంట్లు డెబిట్ రేటు ముందు చెబుతారు. క్రెడిట్ రేటు కాగితం మీద రాయించుకోండి.

ఇక మిషన్ల సంగతి. బ్యాంకు ఇచ్చే పాత తరహా మిషన్ గట్టిది, చార్జింగ్ బాగా ఆగుతుంది, రసీదు కాగితం వస్తుంది. దానితో చిక్కేమిటంటే రాత్రి స్టాలు కట్టేసే ముందు 'సెటిల్‌మెంట్' నొక్కాలి. కొన్నింటిలో అది దానంతటదే జరుగుతుంది, కొన్నింటిలో జరగదు. నొక్కకపోతే ఆ రోజు అమ్మకం మిషన్‌లోని బ్యాచ్‌లోనే (ఆ పూట లావాదేవీల మూటలోనే) ఉండిపోతుంది, ఖాతాకు రాదు. తప్పు మొత్తం కొట్టినప్పుడు 'వాయిడ్' (రద్దు) చేయడం కూడా ఆ బ్యాచ్ ముగిసేదాకే కుదురుతుంది. ఆ తర్వాత రిఫండ్ దారే, కొన్నవాళ్లకు పైసలు చేరడానికి రోజులు పడతాయి. టచ్ తెర ఉన్న ఆండ్రాయిడ్ మిషన్‌లో కార్డు, క్యూఆర్ రెండూ ఒకేచోట కనిపిస్తాయి, పూట లెక్క చూసుకోవడం తేలిక. కానీ చార్జింగ్ త్వరగా దిగుతుంది, పొద్దున తెరవగానే అప్‌డేట్ అడుగుతుంది. బోణీ వేళ కొనేవాళ్లను నిలబెట్టకుండా దాన్ని రాత్రి బసలో వైఫై మీద వేసుకోండి.

చిన్న రీడరు ఫోను మీద ఆధారపడేది. లావాదేవీ మధ్యలో ఫోన్ కాల్ వస్తే యాప్ ఆగిపోవచ్చు. అందుకని కాల్స్ రాని వేరే ఫోను పెట్టుకోవాలి, దాంట్లో ఆ యాప్‌కు బ్యాటరీ పొదుపు తీసేయాలి. లేకుంటే తెర ఆరగానే రీడరుతో జత తెగుతుంది. రసీదు ఎస్సెమ్మెస్‌గా పోతుంది కాబట్టి కొనేవాళ్ల నంబరు అడగాల్సి వస్తుంది. కొందరు ఇవ్వరు, వాళ్లకు చేతిరాత బిల్లు మీద లావాదేవీ నంబరు రాసి ఇవ్వాలి.

ఏ మిషనైనా అసలు పరీక్ష నెట్‌వర్క్. ఆదివారం సాయంత్రం జనం కమ్ముకున్నప్పుడు టవరు మీద భారం పడుతుంది, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా డేటా కదలదు. మిషన్‌లో ఒక కంపెనీ సిమ్ ఉంటే ఫోను హాట్‌స్పాట్‌కు వేరే కంపెనీది ఉండాలి. రేకుల షెడ్డు లోపలి మూలకు సిగ్నల్ తగ్గుతుంది, అందుకే డబ్బుల బల్ల దారివైపు పెట్టుకోవాలి. మిషన్ తీసుకునే ముందే వైఫై మీద పనిచేస్తుందా, సిమ్ మార్చుకోవచ్చా అని అడగండి. కంపెనీ సిమ్ తప్ప వేరేది ఒప్పుకోని మిషన్ ఎగ్జిబిషన్‌కు పనికిరాదు.

గొడవలు ఎక్కువ వచ్చేది టైమౌట్ దగ్గర. కొన్నవాళ్ల ఫోనుకు పైసలు కట్ అయినట్టు మెసేజ్ వస్తుంది, మిషన్ రసీదు ఇవ్వదు. అప్పుడు వెంటనే రెండోసారి కార్డు పెట్టకండి. మొదట మిషన్‌లో చివరి లావాదేవీ తెరిచి చూడాలి. 'అప్రూవ్డ్' ఉంటే రసీదు మళ్లీ ప్రింట్ తీయవచ్చు. లేకుంటే ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల ఆర్‌ఆర్‌ఎన్ నంబరు రాసుకుని, ఇంకో దారిలో చెల్లించమని మర్యాదగా అడగాలి. ఆర్‌బీఐ 2019 సెప్టెంబరు నిబంధన ప్రకారం వ్యాపారికి నిర్ధారణ అందని మొత్తం, లావాదేవీ రోజు తర్వాత ఐదు రోజుల్లో ఖాతాదారుకు వెనక్కి పడాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం. ఈ నిబంధన తెలుగులో అచ్చు వేసి బల్ల మీద అంటిస్తే వాదన చాలావరకు తగ్గుతుంది. పరువు గల వ్యాపారం చేసేవాళ్లకు అది పెద్ద అండ.

కార్డును మిషన్‌కు తాకిస్తే (ట్యాప్) పిన్ అడగకుండా పోయేది 5,000 లోపే. చీరెలు ఎక్కువగా ఆ పైనే కాబట్టి కార్డు చిప్ లోపల పెట్టి పిన్ కొట్టించడం అలవాటు చేసుకోండి. చాలామంది కార్డుల్లో ట్యాప్ సౌకర్యం ఆన్ చేసి ఉండదు. అది మిషన్ లోపం కాదు.

రసీదు మీద, బ్యాంకు స్టేట్‌మెంట్ మీద కనిపించే పేరు స్టాలు బోర్డు మీది పేరే అయ్యుండాలి. బోర్డు మీద సొసైటీ పేరు, స్టేట్‌మెంట్‌లో ఎవరిదో ఇంటిపేరు ఉంటే కొన్నవాళ్లు నెల తర్వాత గుర్తుపట్టలేక "నేను కొనలేదు" అని చార్జ్‌బ్యాక్ (పైసలు వెనక్కి ఇప్పించమని బ్యాంకులో ఫిర్యాదు) వేస్తారు. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో చాలా ఫిర్యాదులకు 120 రోజుల దాకా గడువు ఉంటుంది. మిషన్ రసీదు వచ్చే థర్మల్ కాగితం మీది అక్షరాలు ఎండకు, వేడికి మాసిపోతాయి. మనవాళ్లు చీరెతో పాటు రసీదును కూడా ప్లాస్టిక్ కవర్లో పెడతారు, కొన్ని రకాల కవర్ల రసాయనానికి కూడా ముద్ర చెరిగిపోతుంది. ఏ రోజు రసీదులు ఆ రాత్రే ఫొటో తీయండి, చీరె రకం, రంగు రాసిన బిల్లు పక్కన పెట్టి తీయండి. చార్జ్‌బ్యాక్ వచ్చినప్పుడు అదే సాక్ష్యం.

యూపీఐలో చార్జీ లేదన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. క్యూఆర్ స్కాన్ చేసి రూపే క్రెడిట్ కార్డుతో కట్టినప్పుడు చిన్న వ్యాపారికి 2,000 దాకా చార్జీ ఉండదు, ఆ పైన పడుతుంది. ఖాతాలో నాలుగు రూపాయలు తక్కువ పడ్డాయని కంగారు పడేముందు లావాదేవీల లెక్కలో చార్జీల కాలమ్ చూడండి. సౌండ్‌బాక్సు పలక్కుండా తమ ఫోను తెర మాత్రమే చూపించినవాళ్లకు సరుకు ఇవ్వొద్దు. చెల్లించినట్టు బొమ్మ చూపే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి. పొద్దున స్టాలు తెరవగానే మీ క్యూఆర్‌ను మీరే స్కాన్ చేసి పేరు సరిచూసుకోండి, పైన వేరే స్టిక్కరు అంటించి పోయేవాళ్లు ఉంటారు.

దరఖాస్తుకు పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల) నమోదు, కొన్నిచోట్ల జీఎస్టీ అడుగుతారు. దుకాణం లేనివాళ్లు మగ్గం ఉన్న ఇంటి చిరునామానే ఇచ్చి, ఫొటోలో మగ్గం, సరుకు, పేరు బోర్డు కనిపించేలా తీయాలి. బయటి ఊళ్లలో, ఢిల్లీ హాట్ లాంటి చోట్ల ఈ మిషన్ వాడుకోవచ్చని రాతలో తీసుకోండి. విదేశీ కార్డులు ఆన్ చేయమని విడిగా అడగాలి. వాటికి రేటు ఎక్కువ, కొన్నింటికి పిన్ బదులు సంతకం ఉంటుంది. అప్పుడు రసీదు మీద సంతకం తీసుకుని దాచాలి. ఎగ్జిబిషన్‌కు కనీసం నెల ముందే దరఖాస్తు పెట్టండి.

మిషన్ వాపసు ఇచ్చేటప్పుడు దాని సీరియల్ నంబరు, తేదీ ఉన్న చీటీ మీద తీసుకెళ్లే మనిషి సంతకం తీసుకోండి. ఖాతా నుంచి అద్దె కోసుకునే ఆటో డెబిట్‌ను బ్యాంకుకు వెళ్లి విడిగా రద్దు చేయించాలి. మిషన్ ఇచ్చేసినంత మాత్రాన అది ఆగదు.