ఊట నేలలో మా సెప్టిక్ ట్యాంకు: 2017 నుంచి వాడాక చెబుతున్నా

మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్క, చుట్టూ వరి మళ్ళు. ఎండాకాలంలో ఎంత తవ్వినా పొడిగా ఉండే నేలలోనే, కార్తీకంలో ముసురు పట్టి నాట్లు పడ్డాయంటే రెండడుగులకే ఊట తగులుతుంది. ఇక్కడ సెప్టిక్ ట్యాంకు కట్టేవాళ్ళు మే నెల నేలను చూసి కట్టకూడదు, డిసెంబరు నేలను చూసి కట్టాలి.

మావైపు ఎక్కువమంది గుంట తవ్వి సిమెంటు ఒరలు (రింగులు) దించుతారు. ట్యాంకు కట్టినా అడుగున కాంక్రీటు వేయరు. "వదిలేస్తే నీళ్ళు ఇంకిపోతాయి, ఎప్పటికీ నిండదు" అని మా మేస్త్రి కూడా అన్నాడు. వానాకాలంలో జరిగేది దానికి తలకిందులు. బయటి ఊటే లోపలికి వచ్చి గుంట నిండుతుంది, బాత్రూములో పోసిన నీళ్ళు పోవు. ఆ మురుగు బోరులోకీ దిగుతుంది.

అందుకని మేం లెక్క చివరి నుంచి మొదలుపెట్టాం. మురుగునీళ్ళు ఇంకే చోటు ఊటకు పైన ఉండాలి, కాబట్టి పెరట్లో మట్టి పోసి రెండడుగుల గట్టు లేపాం. అందులో కంకర పరిచి, చిల్లుల పైపులతో ఇరవై అడుగుల కాలువలు రెండు వేశాం. నీళ్ళు అక్కడికి వాలుగా పారాలంటే ట్యాంకు అంత ఎత్తులో ఉండాలి, ట్యాంకులోకి రావాలంటే బాత్రూము ఇంకా ఎత్తులో ఉండాలి. అలా బేస్‌మెంటు మూడడుగులకు తేలింది. పునాది అయ్యాక ఆలోచిస్తే ఇది కుదిరే పని కాదు.

ట్యాంకు ఆరున్నర అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల నీటి లోతు. సెప్టిక్ ట్యాంకులకు ఉన్న ఇండియన్ స్టాండర్డ్ 2470లో పదిమందికి, రెండేళ్ళకోసారి మడ్డి తీయించేలా చెప్పిన కొలత దాదాపు ఇదే. లోపల మూడింట రెండు వంతుల దగ్గర అడ్డుగోడ కట్టించాం. అడుగూ గోడలూ కాంక్రీటే. పైన మూత వేయకముందే అంచు దాకా నీళ్ళు నింపి, సుద్దతో గీత గీసి, మర్నాడు చూశాం. గీత దిగలేదు. ఈ ఒక్క పరీక్ష మాత్రం ఎవరూ మానొద్దు.

వాస్తు సంగతి కూడా చెప్పాలి. బోరు ఈశాన్యంలో, ట్యాంకు వాయవ్యంలో అంటారు. మా స్థలం యాభై అంకణాలు (మావైపు అంకణమంటే 72 చదరపు అడుగులు), వెడల్పు నలభై అడుగులే. అంటే రెంటికీ మధ్య దూరం ముప్ఫై అడుగులకు మించదు. మురుగునీళ్ళు ఇంకే చోటు తాగునీటి బావికీ బోరుకూ కనీసం పద్దెనిమిది మీటర్లు, అంటే అరవై అడుగుల దూరంలో ఉండాలి. కారని ట్యాంకును వాయవ్యంలోనే ఉంచి, నీళ్ళను పడమటి గోడ వెంట పైపులో పెరటి గట్టుకు పంపాం. నైరుతికి ముందే ఆపాం కాబట్టి మా పెద్దాయన కూడా సరేనన్నారు.

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలప్పుడూ వీధంతా నీళ్ళే. మా బాత్రూములో నీళ్ళు వెనక్కి తన్నలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒరల గుంటతో పోలిస్తే ఖర్చు దాదాపు రెట్టింపు. ట్యాంకు నేల మీదికి రెండడుగులు కనిపిస్తుంది. పెరట్లో సగం గట్టుకే పోయింది. దాని మీద అమ్మ కనకాంబరాలు వేసింది, కూరగాయలు మాత్రం వద్దన్నాను. కొబ్బరి, మునగ దగ్గర్లో ఉంటే వేళ్ళు పైపుల్లోకి దిగుతాయి.

తీయించాలో లేదో తెలియడానికి పొడుగాటి కర్రకు తెల్ల తువ్వాలు చుట్టి అడుగు దాకా దించుతాం. పైకి తీస్తే నల్లమడ్డి ఎంతవరకు ఉందో తువ్వాలు మీద తేటగా కనిపిస్తుంది. పోయినసారి మొదటి గదిలో అడుగున్నర, రెండో గదిలో నాలుగు వేళ్ళ ఎత్తే ఉంది. అడ్డుగోడ చేసే మేలు అది. తీయించేది వేసవిలోనే. వానల్లో ఖాళీ చేస్తే కింది ఊట ట్యాంకును పైకి ఎత్తేయగలదు, ప్లాస్టిక్ ట్యాంకులకైతే ఆ భయం మరీ ఎక్కువ.

మనిషిని మాత్రం ఎంత తొందరున్నా లోపలికి దించొద్దు. లోపలి గ్యాసుకు క్షణాల్లో ప్రాణం పోతుంది, రక్షణ సామగ్రి లేకుండా దించడం, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం కూడా. మడ్డి తోడే బండి పైపు వీధిలోంచే అందేలా, రెండు గదులకూ వేర్వేరు మూతలు పెట్టించుకోండి.