బెట్ట ముందే తెలియాలంటే: ఫోన్ యాప్, కార్తె, గురువారం బులెటిన్... ఏది మేలు?

పత్తికి యూరియా ఇప్పుడు వేయాలా, ఇంకో వాన చూసి వేయాలా అని జులై పొడవునా అడుగుతూనే ఉన్నారు. ముందు తేలాల్సింది వేరే ఉంది: వానలు ఎప్పుడు ఆగిపోతాయో ఎవరి మాట విని తెలుసుకోవాలి?

సీజన్ మొత్తానికి ఇచ్చే అంచనాతో ఈ పని జరగదు. 2023లో వాతావరణ శాఖ ఏప్రిల్‌లో సీజన్ సగటు వానలో 96 శాతం పడుతుందంది, కురిసింది 94. అంచనా తప్పిందనలేం. కానీ జులై ఆఖరులో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే దాదాపు 650 మి.మీ. కురిసింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టులో దేశమంతటా కలిపి 36 శాతం లోటు. 1901 నుంచి చూస్తే అంత పొడి ఆగస్టు ఇంకోటి లేదు. చెలకలో (తేమ నిలవని ఎర్ర నేలలో) ఎండుతున్న పైరుకు ఆ 94తో ఏం పని?

కార్తెలు ఏటా దాదాపు అవే తేదీలకు వస్తాయి. విత్తే అదును గుర్తుంచుకోవడానికి మంచివే. బెట్టకు మాత్రం తేదీ ఉండదు. 2002లో జులైలోనే వానలు ముఖం చాటేశాయి.

ఇక యాప్‌కీ, వాతావరణ శాఖ ప్రతి గురువారం ఇచ్చే నాలుగు వారాల అంచనాకీ మధ్యే అసలు పోటీ. యాప్ పన్నెండో రోజు సాయంత్రం వాన పడుతుందని బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. ఒక ఊళ్లో ఒక పూట పడే వానను అంత ముందు పట్టుకోవడం అయ్యే పని కాదు. బెట్ట అలా కాదు. రుతుపవన ద్రోణి, అంటే వానలు తెచ్చే అల్పపీడన పట్టీ, మధ్య భారతం వదిలి హిమాలయాల పాదాల దగ్గరికి జరగాలి, బంగాళాఖాతంలో అల్పపీడనాలు తగ్గాలి. ఇదంతా పెద్ద విస్తీర్ణంలో, నెమ్మదిగా జరిగే మార్పు. అందుకే రోజు లెక్కన దొరకనిది వారం సగటులో దొరుకుతుంది. నా ఓటు గురువారం బులెటిన్‌కే. అందులోనూ మొదటి రెండు వారాలకే. మూడు, నాలుగు వారాల మ్యాపులు చూసి వదిలేస్తాను.

వచ్చే రెండు వారాలూ లోటే అని మ్యాపు చూపిస్తే, నేలలో తేమ ఉండగానే యూరియా వేసేయండి. నేల అప్పటికే ఆరిపోతే ఆపండి. గుంటుక తోలి పైమట్టి కదిపితే ఉన్న తేమ కొంత నిలుస్తుంది. నల్లరేగడి కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, చెలక ఓర్చుకోదు.

రాయలసీమవాళ్లు దీన్ని కాస్త వేరుగా చదువుకోవాలి. ఉత్తరాన బెట్ట ఉన్న రోజుల్లోనే తమిళనాడు, సీమ వైపు సాయంత్రం ఉరుముల వానలు పెరగడం మామూలే. టీవీలో బ్రేక్ మాన్సూన్ (రుతుపవనాల మధ్యలో వచ్చే ఈ బెట్టే) అన్నారని అక్కడ టెన్షన్ పడక్కర్లేదు.

పురుగుమందు ఏ రోజు కొట్టాలన్న ప్రశ్నకైతే బులెటిన్ వద్దు, జిల్లాకు ఇచ్చే అయిదు రోజుల సూచన చాలు.