వంటకి పైపు గ్యాసా, కరెంటా? ముందు ఫిక్స్‌డ్ ఛార్జీ చూడండి

"ఇండక్షన్ కొంటే గ్యాస్ బిల్లు తగ్గుతుందా?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకేసారి రాసేస్తే నయమనిపించింది. పైగా గ్యాసా, కరెంటా అన్న నిర్ణయం మేం తీసుకుని మూడు నెలలే అయింది కాబట్టి లెక్కలన్నీ ఇంకా చేతిలోనే ఉన్నాయి. మాకు కరెంటు, పైపు గ్యాస్ రెండూ ఒకే పంపిణీ కంపెనీ ఇస్తుంది, బిల్లూ ఒకటే వస్తుంది. దాంతో అడుగున ఉన్న మొత్తం చూసి కట్టేయడమే తప్ప, అందులో గ్యాస్ ఎంత, కరెంటు ఎంత, అసలేమీ వాడకపోయినా పడే ఫిక్స్‌డ్ ఛార్జీ ఎంత అని ఏళ్ల తరబడి విడదీసి చూడలేదు.

చాలామంది యూనిట్ ధరనీ గ్యాస్ ధరనీ పక్కపక్కన పెట్టి చూస్తారు. అలా తేలదు. పైపులో వచ్చే సహజవాయువు ఒక ఘనపు మీటరులో సుమారు 10 యూనిట్ల కరెంటుకి సమానమైన శక్తి ఉంటుంది. అలాగైతే గ్యాసే లాభం అనిపిస్తుంది కానీ, మంటలో గిన్నెకి ఎక్కేది 40 శాతం వరకే, మిగతా సెగంతా గిన్నె పక్కల నుంచి పైకి పోయి వంటగదిని వేడెక్కిస్తుంది. ఇండక్షన్‌లో గిన్నె అడుగే నేరుగా వేడెక్కుతుంది కాబట్టి 85 శాతం దాకా అందుతుంది.

నమ్మకం కుదరక ఒక ఆదివారం ఇంట్లోనే చేసి చూశాం. ఒకే గిన్నెలో, మూత పెట్టి, ఐదు లీటర్ల నీళ్లు మరిగేదాకా గ్యాస్ మీద ఒకసారి, ఇండక్షన్ మీద ఇంకోసారి. మా గ్యాస్ మీటరులో చివర మూడు ఎర్ర అంకెలుంటాయి, అవి లీటర్లు. పొయ్యి వెలిగించాక అవి 110 దాకా తిరిగాయి. ఇండక్షన్‌కి అర యూనిట్ మీద కాస్త అయింది. అంటే ఒక ఘనపు మీటరు గ్యాస్‌తో అయ్యే వంట నాలుగున్నర, ఐదు యూనిట్ల కరెంటుతో అయిపోతుంది. మీ ఊళ్లో ఘనపు మీటరు ధర యూనిట్ ధరకి ఐదు రెట్లు దాటితే కరెంటు చవక, నాలుగు రెట్లలోపు ఉంటే గ్యాస్ చవక, మధ్యలో ఉంటే పెద్ద తేడా లేదు. గ్యాస్‌ని కూడా కిలోవాట్ అవర్లలోనే, అంటే కరెంటు యూనిట్లలోనే లెక్కకట్టే చోట్ల, కరెంటు ధర గ్యాస్ ధరకి రెండు రెట్లలోపు ఉంటే కరెంటు చవక, దాటితే గ్యాస్ చవక. ఒక్క జాగ్రత్త: స్లాబులు ఉంటే మీరు చేరే పై స్లాబు ధరే తీసుకోవాలి, ఎందుకంటే వంట వల్ల పెరిగే యూనిట్లన్నీ అక్కడే పడతాయి.

ఇంతవరకూ చాలామంది లెక్క వేస్తారు. అసలు విషయం ఫిక్స్‌డ్ ఛార్జీ దగ్గరుంది, నేను గట్టిగా చెప్పదలచుకున్నదీ ఇదే. కరెంటు కనెక్షన్ ఎలాగూ తీసేయలేం, లైట్లు, ఫ్రిజ్ ఉన్నాయి కదా. కాబట్టి దాని ఫిక్స్‌డ్ ఛార్జీ ఎప్పుడూ ఉంటుంది. గ్యాస్‌ది అలా కాదు, కనెక్షన్ ఉన్నంతకాలమే పడుతుంది. ఇండక్షన్ కొనేసి, "ఎందుకైనా మంచిది, గ్యాస్ కూడా ఉండనీ" అని రోజుకి ఒక పూట మాత్రమే మంట వెలిగించేవాళ్లు, తక్కువ గ్యాస్‌కి పూర్తి ఫిక్స్‌డ్ ఛార్జీ కడుతున్నట్టు. మేం ఐదారు నెలలు సరిగ్గా ఇదే చేశాం. గ్యాస్ వాడకం సగానికి పైగా తగ్గినా బిల్లు ఎందుకు తగ్గట్లేదో అర్థం కాలేదు, చివరికి పాత బిల్లులన్నీ టేబుల్ మీద పరిచి ఒక్కో లైనూ చూస్తే గానీ తెలియలేదు.

కరెంటు వైపు కూడా ఒకటి చూడాలి. పెద్ద ఇండక్షన్ పొయ్యి ఒక్కటే 2000 వాట్లు లాగుతుంది. రెండు పొయ్యిలు, గీజరు ఒకేసారి వేస్తే మంజూరైన లోడు, అంటే మీ కనెక్షన్‌కి కంపెనీ ఒప్పుకున్న వాట్లు, దాటొచ్చు. లోడుని బట్టి ఫిక్స్‌డ్ ఛార్జీ వేసే చోట గ్యాస్‌లో మిగిలింది ఇటు పోతుంది. వైరింగ్ పాతదైతే ముందు ఎలక్ట్రీషియన్‌కి చూపించండి, దీంట్లో కక్కుర్తి పడొద్దు.

గ్యాస్‌తోనే నీళ్లు కాచుకుంటూ, చలికి గదులు కూడా వేడి చేసుకునే ఇళ్ల లెక్క వేరు. మంచి బాయిలర్ 90 శాతం దాకా వేడి అందిస్తుంది, ఫిక్స్‌డ్ ఛార్జీ కూడా ఎక్కువ వాడకం మీద పరుచుకుంటుంది. మామూలు కరెంటు హీటర్ దానికి పోటీ రాదు, బయటి గాలిలోని వేడిని లోపలికి లాగే హీట్ పంప్ అయితే రావచ్చు.

"కరెంటు పోతే ఏం చేస్తావురా?" అని అమ్మ మొదటిరోజే అడిగింది. న్యాయమైన ప్రశ్నే. మాటిమాటికీ కరెంటు పోయే చోట గ్యాసే ఉంచుకోండి, వాదన అనవసరం. కానీ గ్యాస్ ఆగడం అరుదైనా, ఆగితే రావడం మాత్రం ఆలస్యం. కరెంటు లైను సరిచేస్తే వీధంతా ఒక్కసారే వెలుగుతుంది. గ్యాస్ అలా వదలకూడదు, ఎవరింట్లో పొయ్యి నాబ్ తెరిచి ఉందో తెలియదు కాబట్టి ఇల్లిల్లూ తిరిగి, మీటరు దగ్గర కట్టేసి, లీకు చూసి, మళ్లీ తెరవాలి. 2018 సెప్టెంబరు 13న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం మెరిమాక్ లోయలో పాత పైపులు మార్చే పనిలో పొరపాటు జరిగి, పీడనం మితిమీరి ఇళ్లలో పేలుళ్లు, మంటలు వచ్చాయి. వేలమందికి గ్యాస్ తిరిగి రావడానికి నెలలు పట్టింది.

ఇంట్లో ఆయాసం ఉన్న పిల్లలుంటే మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టండి. గ్యాస్ మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఊపిరితిత్తులకి మంచిది కాదు. గ్యాస్ ఉంచుకుంటే పొయ్యి వెలిగినంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాల్సిందే.

సిలిండరు సంగతి: పైపు గ్యాస్ వచ్చే ఇంట్లో దాని అవసరం పెద్దగా లేదు. ఆ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే నేలబారున నిలుస్తుంది. సహజవాయువు తేలిక, పైకి పోతుంది.

మేం చివరికి గ్యాస్ తీయించేశాం. మంట కనిపించకపోతే సెగ ఎంతుందో అమ్మకి అంచనా అందక మొదటి పది రోజులు ఇబ్బంది పడింది, తర్వాత అలవాటైంది. అయస్కాంతం అంటుకోని గిన్నెలు ఇండక్షన్ మీద వేడెక్కవు కాబట్టి అలాంటివి నాలుగు పక్కన పెట్టాల్సొచ్చింది. మీరూ తీయించేస్తే, పైపుకి మూత బిగించేటప్పుడు దగ్గరుండి మీటరు ఆఖరి రీడింగ్ ఫోటో తీసుకోండి, డిపాజిట్ ఏమైనా కట్టి ఉంటే దానికీ అదే రోజు అర్జీ పెట్టేయండి. మేం ఫోటో తీయలేదు, ఆ తర్వాత కూడా రెండు నెలలు అంచనా బిల్లులు వచ్చాయి.