గింజని ఏం చేయాలి? పారేయాలా, చూపించాలా, మార్చాలా?

బొమ్మల షోకి రాసేవాళ్ల దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. తెర మీదికి రాని పాత్రలు, సగంలో ఆగిన స్కిట్లు అందులో పడి ఉంటాయి. మా బుక్కులో బస్సు నడిపే నత్త ఉంది. రెండు నిమిషాల స్కిట్‌లో అది ఒక్క స్టాపు కూడా దాటదు, అదే జోకు. మొదటిసారి నవ్వొస్తుంది, రెండోసారి రాదు. కళ్లజోళ్లు ఎత్తుకుపోయే కాకి కూడా ఉంది. దాన్ని ఒక్కసారి ఆడామో లేదో, మా వీధిలో ఇద్దరు తాతలు కళ్లజోళ్ల కోసం దిండ్ల కింద వెతుక్కున్నారు. ఈ రెంటితో మాకు పేచీ లేదు, పోతే పోయాయి. పేచీ అంతా గింజతోనే.

గింజ ఉడత పిల్ల. పాత సాక్సుతో కుట్టాం, తోకకి సీసాలు కడిగే బ్రష్షు పెట్టాం. వాళ్ల బాపు సౌదీ పోతున్నాడు. స్కిట్ మొత్తం ఆ ఒక్క పొద్దున జరిగేదే. సూట్‌కేసు తూకం వేయడం, ముప్పై కిలోలు దాటిందని మళ్లీ విప్పడం, మామిడికాయ తొక్కు డబ్బాని లుంగీలో చుట్టి దూర్చడం, వాకిట్లోకి కారు రావడం. మాది జగిత్యాల వైపు. ఇక్కడ ఏ వాడకి పోయినా గల్ఫ్‌కి మనిషిని పంపిన ఇల్లు కనిపిస్తుంది కాబట్టి ఇది రాయాల్సిందే అనుకున్నాం. షూట్‌కి ముందు పదిమంది పిల్లల ముందు ఆడి చూశాం. తూకం దగ్గర పడి పడి నవ్వారు. కారు డోర్ పడ్డ చప్పుడు వినిపించగానే ముందు వరసలో ఉన్న ఐదేళ్ల పిల్ల బొమ్మని వదిలేసి వాళ్లమ్మ వైపు తిరిగింది. "బాపు మల్ల రాడా?" అంది. ఆ పిల్ల తండ్రి ఎక్కడికీ పోలేదు. మా సందు చివర కిరాణా షాపులో కూర్చుని ఉన్నాడు.

స్కిట్ అక్కడే ఆపేశాం. ఏడాదైంది. ఇప్పుడు కొత్త సీజన్‌కి కథలు తక్కువ పడి, గింజ మళ్లీ బల్ల మీదికొచ్చింది. ఇద్దరు పారేద్దాం అంటున్నారు. బాపు గొంతు చెప్పే అన్న ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం అంటున్నాడు. నేను మార్చుదాం అంటున్నాను. ఈ వాదన మాతో మొదలైంది కాదు. అమెరికాలో 1969 నవంబరు 10న మొదలైన సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ షో వాళ్లు ఈ మూడు దార్లలోనూ నడిచారు, దెబ్బలు తిన్నారు కూడా.

వాళ్లకి ముందు నుంచీ ఒక అలవాటుంది. ఏదైనా సరే ముందు పిల్లలకి చూపించి, పిల్లల్ని చూసేవాళ్లు. పరిశోధన విభాగం నడిపిన ఎడ్వర్డ్ పామర్ ఒక తమాషా పద్ధతి పెట్టాడు. టీవీ పక్కనే ఇంకో తెర, దాని మీద ఏడున్నర సెకన్లకోసారి మారే స్లైడ్లు. పిల్లవాడి కళ్లు టీవీ మీద ఉన్నాయా, పక్క తెర మీదికి పోయాయా అని ఒకరు కూర్చుని రాసుకునేవారు. 1969 వేసవిలో చూపించిన నమూనా ఎపిసోడ్లలో వీధి సీన్లు రాగానే చూపు పక్కకి పోయింది, ఎందుకంటే వీధిలో మనుషులే ఉన్నారు, బొమ్మలు లేవు. నిజాన్నీ ఊహనీ కలపొద్దని నిపుణులు అప్పటికే చెప్పి ఉన్నారు. ఆ సలహా పక్కన పెట్టి బొమ్మల్ని వీధిలోకి దింపారు. బిగ్ బర్డ్ అనే పెద్ద పసుప్పచ్చ పక్షి, చెత్తడబ్బాలో ఉండే ఆస్కార్ అట్లా వచ్చారు. మా దగ్గర ప్రొజెక్టర్ లేదు, ఐదేళ్ల పిల్ల మెడ తిరగడం ఒక్కటే మా లెక్క. అయినా తూకం అదే.

ఇక పారేసిన దాని సంగతి. 1992లో వాళ్లు విడాకుల మీద ఒక ఎపిసోడ్ తీశారు. అందులో స్నఫీ, అంటే తొండంతో గోధుమరంగు బొచ్చుతో ఏనుగులాగా కనిపించే పెద్ద బొమ్మ, బిగ్ బర్డ్ కడుతున్న దిమ్మెల ఇంటిని పడగొట్టేస్తాడు. ఎందుకని అడిగితే, నాన్న మా గుహ వదిలి వెళ్లిపోతున్నాడని చెప్తాడు. చిన్న చెల్లెలు ఆలిస్ కూడా ఉంది. పెద్దవాళ్లు బుజ్జగిస్తారు, అమ్మానాన్నలిద్దరూ నిన్ను ప్రేమిస్తూనే ఉంటారని చెప్తారు. కాగితం మీద చూస్తే అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చిన్నపిల్లలకి వేసి చూపిస్తే లోపలికి ఎక్కింది వేరు. స్నఫీకి నాన్న ఇక కనిపించడనుకున్నారు. అమ్మానాన్న పోట్లాడుకుంటే విడిపోయినట్టే అనుకున్నారు. పోట్లాట లేని ఇల్లుంటుందా? అంటే చూసిన ప్రతి పిల్లకీ ఒక కొత్త భయం ఉచితంగా అందిందన్నమాట. తీసిన ఎపిసోడ్‌ని ప్రసారం చేయకుండానే మూలన పెట్టారు. డబ్బు ఖర్చయింది, మనుషులు కష్టపడ్డారు, అయినా పెట్టారు. ఇది చదివినప్పుడు నాకు మా కారు డోర్ చప్పుడే వినిపించింది.

ముందుగా ఆపుకోకపోతే ఏమవుతుందో 1976 ఫిబ్రవరిలో వాళ్లకి తెలిసింది. 1939 నాటి 'విజర్డ్ ఆఫ్ ఓజ్' సినిమాలో ఆకుపచ్చ ముఖం మంత్రగత్తెగా వేసిన మార్గరెట్ హామిల్టన్‌నే అదే వేషంలో పిలిపించారు. చీపురు జారి వీధిలో పడుతుంది, మర్యాదగా అడిగితేనే ఇస్తానంటాడు ఆ వీధిలో ఉండే డేవిడ్. భయాన్ని గెలవడం నేర్పాలన్నది ఉద్దేశం. పిల్లలు బెదిరిపోయారని తల్లిదండ్రుల ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. ఆ ఎపిసోడ్ మళ్లీ టీవీలో రాలేదు. 2022లో ఇంటర్నెట్‌లో బయటపడితే పెద్దవాళ్లు ఎగబడి చూశారు. మాకు ఆ సదుపాయం కూడా లేదు. మేం పెట్టేది యూట్యూబ్‌లో, ఒకసారి వాట్సాప్ గ్రూపుల్లోకి పోయాక వెనక్కి తీసుకోవడం మా చేతిలో ఉండదు.

అన్న ఈ కథలకి లొంగే మనిషి కాదు. "మరి హూపర్ సంగతేంటి?" అన్నాడు. మంచి ప్రశ్న. అతని వాదనకి అంతకన్నా గట్టి సాక్ష్యం దొరకదు. హూపర్ ఆ వీధిలో అంగడి నడిపే పెద్దాయన. ఆ వేషం వేసిన విల్ లీ 1982 డిసెంబరులో చనిపోయారు. ఇంకో నటుణ్ణి పెట్టొచ్చు. ఆయన రిటైరై వేరే ఊరు వెళ్లాడని చెప్పి దాటేయొచ్చు. వాళ్లు రెండూ చేయలేదు, చనిపోయాడనే చెప్పారు. 1983 నవంబరు 24న, ఇంట్లో పెద్దవాళ్లు పక్కనుండే థాంక్స్ గివింగ్ సెలవు రోజు చూసుకుని ప్రసారం చేశారు. బిగ్ బర్డ్ అందరి బొమ్మలూ గీసి పంచుతాడు, చివరికి హూపర్ బొమ్మ ఒక్కటే చేతిలో మిగులుతుంది. పిల్లలు తట్టుకున్నారు. మరి గల్ఫ్‌కి పోవడాన్ని తట్టుకోలేరా అని అన్న ప్రశ్న.

ఆ సీన్‌ని రెండుసార్లు చూశాక నాకు తట్టింది ఇది. అందులో ఎవరూ చనిపోరు. ఆసుపత్రి లేదు, కబురు రావడం లేదు. బిగ్ బర్డ్ బొమ్మ పట్టుకుని హూపర్ ఎక్కడని అడిగితే, నీకు చెప్పాం కదా, గుర్తులేదా అంటుంది ఆ వీధిలోనే ఉండే మారియా. అంటే జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది. తెర మీద ఉన్నది ఆ తర్వాత మిగిలినవాళ్లు. అంగడి ఎవరు చూసుకుంటారు, పక్షికి కథలు ఎవరు చెప్తారు అనే ప్రశ్నలకి జవాబు చెప్పే మనుషులు చుట్టూ నిలబడి ఉన్నారు. మా స్కిట్‌లో చివరికి మిగిలింది గేటు పట్టుకుని ఏడ్చే అమ్మ ఒక్కతే. ఆమెని ఏమని అడుగుతారు పిల్లలు?

ఇరవయ్యేళ్ల తర్వాత అదే విడాకుల కథని సెసమీ స్ట్రీట్ వాళ్లు ఇంకోలా చెప్పారు. 2012లో ఈసారి టీవీలో కాదు, ఆ అవసరం ఉన్న కుటుంబాలకి అందేలా ఆన్‌లైన్‌లో పెట్టారు. స్నఫీ బదులు ఆబీ అనే బుల్లి దేవకన్య బొమ్మ. ఆబీ బొమ్మలేసుకుంటూ రెండు ఇళ్లు గీస్తుంది. రెండెందుకని నేస్తాలు అడుగుతారు. ఒకటి అమ్మతో ఉండే ఇల్లు, ఇంకోటి నాన్నతో ఉండే ఇల్లు. విడిపోయి కొంతకాలమైంది, ఆబీకి అప్పుడప్పుడు బాధగా ఉంటుంది, కానీ రెండు చోట్లా ఎలా ఉంటుందో తనకి తెలుసు. తెలియని రోజు మధ్యలో పిల్లల్ని నిలబెట్టలేదు. ఆ రోజు దాటి వచ్చిన నేస్తం పక్కన కూర్చోబెట్టారు.

అందుకే నా ఓటు మార్చడానికే. కానీ అది చవగ్గా దొరికేది కాదని కూడా చెప్పాలి. మార్చితే ముందు పోయేది తూకం సీను. అది మా బుక్కులో ఉన్నవాటన్నిట్లో మంచి సీను. ముప్పైరెండు కిలోలు చూపిస్తుంటే బాపు ఒక కాలు ముల్లు కిందికి పెట్టి తగ్గించే ప్రయత్నం చేస్తాడు, పిల్లలకి అదంటే ప్రాణం. దాన్ని వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది. వేరే కథలో పెట్టుకోవచ్చని మా వాళ్లు సముదాయిస్తున్నారు, పత్తి బస్తా తూచే ఎలుక కథలోనట. చూద్దాం.

పారేద్దామన్న వాళ్లది పిరికితనం అనను. 1992లో వాళ్లు పారేయకుండా ఉంటే 2012 కథ వచ్చేది కాదేమో. మంచి పారవేత మంచి నోటుబుక్కు లాంటిది. ఒక్కటే ఇబ్బంది, గింజ లాంటి పిల్లలు మా ప్రేక్షకుల్లో ఉన్నారు. వాళ్లకి మా షోలో నత్తా కాకీ మాత్రమే ఉండి, సౌదీలో నాన్న ఉన్న పిల్ల లేకపోతే వెలితే.

కొత్త స్కిట్‌ది శుక్రవారం, సౌదీలో సెలవు. గింజ ఫోన్‌ని స్టీలు చెంబుకి ఆనించి పెడుతుంది, చెంబు జారుతుంది, మళ్లీ పెడుతుంది. నెట్‌వర్క్ ఆగి బాపు ముఖం నోరు తెరిచి బిగుసుకుపోతే గింజ కూడా అచ్చం అలాగే బిగుసుకుపోతుంది. నవ్వంతా అక్కడ. ఊడిన పన్ను కెమెరాకి అడ్డం పెట్టి చూపిస్తుంది. తొక్కు అయిపోయిందా అని అడుగుతుంది, ఇంకా సగం డబ్బా ఉందంటాడు బాపు. ఎప్పుడొస్తావని కూడా అడుగుతుంది. ఇక్కడ చాలాసేపు ఆగాం. తొందర్లోనే వస్తానని రాస్తే అది అబద్ధం, పిల్లలు పట్టేస్తారు. చివరికి గోడ మీది క్యాలెండర్ తీసుకొచ్చాం. బాపు వచ్చే నెల మీద ఎర్ర సున్నా చుట్టి ఉంది, మధ్యలో ఏడు కాగితాలున్నాయి. గింజ ఒక్కో కాగితాన్నీ తిప్పుతూ లెక్కపెడుతుంది.

వచ్చే ఆదివారం ఆడి చూస్తాం. కిరాణా షాపాయన కూతుర్ని పంపమని ఇప్పటికే అడిగాను, ముందు వరసలోనే కూర్చోబెట్టాలి. ఈలోగా తోక బ్రష్షు వెంట్రుకలు రాలిపోయాయి, కొత్తది కొనాలి.