జబ్బకు కట్టే డిజిటల్ బీపీ మిషన్: ఇంట్లో నలభై దాటినవాళ్ళుంటే కొనండి

బీపీ ఉన్న చాలామందికి తలనొప్పి రాదు, కళ్ళు తిరగవు, అసలు ఉందనే తెలియదు, ఒకరోజు కాలూ చెయ్యీ పడిపోయాక గానీ బయటపడదు. పక్షవాతానికి మనం అదుపు చేసుకోగలిగిన కారణాల్లో అన్నిటికంటే పెద్దది ఇదే. షుగరు, సిగరెట్లు, కొలెస్టరాల్ దీని తర్వాతే.

మా నాన్న "నాకేంరా, దుక్కలా ఉన్నాను" అంటూ మాత్రలు మానేసే రకం. డాక్టరు చెప్పినా వినని మనిషి, తన చేతికి తనే పట్టీ కట్టుకుని 168 చూశాక మాట్లాడకుండా మాత్ర వేసుకున్నారు. నాకు ఈ మిషన్ మీద గౌరవం అక్కడే మొదలైంది.

మణికట్టుకు పెట్టుకునేవి చవకే గానీ చెయ్యి కాస్త కిందికో పైకో ఉంటే అంకె మారిపోతుంది, వద్దు. జబ్బకు కట్టేదే తీసుకోండి. పట్టీ సైజు మాత్రం కచ్చితంగా చూడండి, లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది. ఆవకాయ అన్నం తిని, కాఫీ తాగి, వెంటనే కూర్చుని చూసుకుంటే లాభం లేదు. ఒక ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద పెట్టి, నోరు మూసుకుని కూర్చోవాలి. పొద్దున మాత్రకు ముందు, మళ్ళీ రాత్రి, ప్రతిసారీ నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. ఇంట్లో చూసుకున్నప్పుడు సగటు 135/85 లేదా అంతకంటే ఎక్కువ వస్తుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

గుండె లయ తప్పితే తెర మీద చిన్న గుర్తు వెలుగుతుంది, అది నాకు బాగా నచ్చింది. ఆ తేడా వల్ల గుండెలో గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరి పక్షవాతం తెప్పించవచ్చు కాబట్టి, గుర్తు మళ్ళీ మళ్ళీ వస్తే ఈసీజీ తీయించండి.

నచ్చనివీ ఉన్నాయి. తెరకి లైటు లేదు, రాత్రి కనపడదు. అడాప్టరు విడిగా కొనాలి. అమ్మ, నాన్న ఇద్దరూ వాడుతుంటే బటన్ మార్చడం మర్చిపోయి అంకెలు కలిసిపోతున్నాయి, అందుకే పక్కనే ఒక నోట్‌బుక్ పెట్టాం.

ఒకటి మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి ఉంచండి. ఉన్నట్టుండి మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేపితే జారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, చూపు పోయినా, తూలి పడబోతున్నా ఈ మిషన్ కోసం వెతకొద్దు, 108కి ఫోన్ చేయండి. బీపీ తగ్గుతుందని మాత్ర వేయొద్దు, ఆస్పిరిన్ వద్దు, ఎందుకంటే మెదడులో రక్తం గడ్డకట్టిందో రక్తనాళం చిట్లిందో సీటీ స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. నీళ్ళు కూడా తాగించొద్దు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పావురం రక్తం పూయిస్తామని తిప్పేవాళ్ళు ఇంకా ఉన్నారు, దయచేసి వాళ్ళ మాట వినకండి, ఆ గడ్డను కరిగించే ఇంజక్షన్‌కి ఉన్న గడువు మామూలుగా 4.5 గంటలే. చివరిగా ఎప్పుడు బాగున్నారో టైము గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా సరే, వెళ్ళాల్సిందే, అసలైన పక్షవాతం తర్వాతి రెండు రోజుల్లోనే రావచ్చు.

ధర రెండు వేల పైచిలుకు. కొన్నాక ఒకసారి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళి వాళ్ళ మిషన్‌తో పోల్చి చూసుకోండి.