రోజూ ఒక ట్రిప్పా, ఆదివారం అన్నీనా? ఇంటి బట్టలకు ఏది మేలు

"మీ ఇంట్లో బట్టలు ఎప్పుడు ఉతుకుతారు?" అని ఈ మధ్య నన్ను అడగనివాళ్లు లేరు. ఇద్దరం ఉద్యోగాలకు పోతాం, బడికెళ్లే పిల్లలు ఇద్దరు, మాతోనే ఉండే మా అమ్మ. మొత్తం ఐదుగురం. ఆరేళ్లపాటు మాకు ఆదివారమే బట్టల రోజు. పది నెలల కిందట రోజుకో ట్రిప్పు, అంటే రోజూ ఒక్కసారి వాషింగ్ మిషన్ వేసే పద్ధతికి మారాం. నిజం చెప్పాలంటే మారింది నేను. మా ఆవిడది ఇప్పటికీ ఆదివారం పక్షమే. అందుకే రెండు వైపుల వాదనా మా ఇంట్లోనే దొరుకుతుంది.

ఏ మిషన్ కొనాలి, ఏ పొడి వాడాలి అన్నవాటి జోలికి ఇక్కడ పోవడం లేదు. మిషన్ ఉంది, వాడటమూ వచ్చు, అయినా విడిచిన బట్టల బుట్ట ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది అనేవాళ్ల గురించే ఇదంతా.

ముందు ఆదివారం సంగతి. "వారానికి ఒక్కరోజు కష్టపడితే మిగతా ఆరు రోజులు దాని ఊసే ఉండదు" అంటుంది మా ఆవిడ. ఇందులో చాలా నిజం ఉంది. రోజూ గుర్తుపెట్టుకోవాల్సిన పనుల్లో ఒకటి తగ్గడం చిన్న విషయమేమీ కాదు. పైగా వారం బట్టలు ఒకచోట చేరితే వేరుచేయడం తేలిక. తెల్లవన్నీ ఒక ట్రిప్పు, ముదురు రంగులు ఒకటి, తువ్వాళ్లు ఒకటి, ప్రతిదీ నిండు డ్రమ్మే. నిండుగా వేస్తే కిలో బట్టలకు అయ్యే నీళ్లూ కరెంటూ తగ్గుతాయి. బరువు చూసుకుని నీళ్లు తగ్గించుకునే మిషన్లు కూడా సగం బట్టలకు సరిగ్గా సగం నీళ్లతో సరిపెట్టవు. నీళ్లకు ఇబ్బందిపడే ఇంట్లో ఈ ఒక్క కారణంతోనే ఆదివారం గెలవచ్చు. కరెంటు మాటకొస్తే, వేడినీళ్లతో ఉతికేటప్పుడు మిషన్ తినే కరెంటులో ఎక్కువ భాగం ఆ నీళ్లు వేడెక్కడానికే పోతుంది. మామూలు నీళ్లతో ఉతికేవాళ్లకు రెండు పద్ధతుల మధ్యా కరెంటు తేడా పెద్దగా ఉండదు.

ఇంతవరకూ ఆవిడే గెలిచింది. మరి నేనెందుకు మారాను? ఒక వారం బట్టలు తూకం వేశాను కాబట్టి.

సూట్‌కేసు బరువు చూసే చిన్న త్రాసుకు సంచీ తగిలించి, వారం రోజులు విడిచిన బట్టలన్నీ తూచాను. మా ఆవిడ నన్ను అదోలా చూసిందిలెండి. దుప్పట్లు, తువ్వాళ్లతో కలిపి 27 కిలోలు తేలాయి. మా మిషన్ మీద 7 కిలోలని రాసి ఉంటుంది. ఆ లెక్క పొడి నూలు బట్టలకు, అదీ పూర్తి నిడివి ఉతుకు సైకిల్‌కు. డ్రమ్ములో పైన అరచెయ్యి దూరేంత ఖాళీ వదిలితే, రకరకాల బట్టలు కలిపి ఐదు కిలోల దగ్గరే ఆగిపోతాయి. అంటే ఐదారు ట్రిప్పులు. ఒక్కొక్కటి గంటంపావు అనుకున్నా పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం దాటేస్తుంది. పోనీ, మిషన్‌కు అలుపు లేదు, తిప్పుతుంది.

అలసిపోయేది దండెం.

ఈ ఒక్క సంగతి నాకు ఆరేళ్లు తట్టలేదు. బట్టల పనంటే ఉతకడమే అనుకుని, అంతా మిషన్ చుట్టూనే ఆలోచించాను. పెద్ద మిషన్ కొందామా, త్వరగా అయిపోయే సైకిల్ పెడదామా అని. నిజానికి ఉతకడంలో మన వంతు ఐదు నిమిషాలే. బట్టలు ఆగిపోయేది ఆ తర్వాత, ఆరేసేచోట, మడతపెట్టేచోట. మా తాళ్ల మీద రెండు ట్రిప్పులు పడతాయి. మూడోది చొక్కాల చేతులూ ప్యాంట్ల కాళ్లూ దగ్గరదగ్గరగా ఇరికిస్తే ఎలాగో పడుతుంది. నాలుగోదానికి కుర్చీల వీపులు, తలుపుల పైఅంచులు. ఐదోది డ్రమ్ములోనే తడిగా కూర్చుని తన వంతు కోసం చూస్తుంటుంది.

తడి లెక్క కూడా చూడండి. చివర్లో నీళ్లు పిండే స్పిన్ నిమిషానికి 1000 చుట్లు తిరిగితే కిలో పొడి బట్టల్లో ఇంకా సుమారు 600 గ్రాముల నీరు మిగిలే ఉంటుంది. 1400 చుట్లు తిరిగే మిషనైతే అర కిలో దాకా. అంటే మా 27 కిలోల బట్టలు ఆదివారం ఒక్కరోజే దాదాపు 16 లీటర్ల నీళ్లను గాలిలోకి వదలాలి. అంత నీరు ఒక్కసారిగా ఎక్కడికి పోతుంది? ఎండా గాలీ ఉన్న రోజు పోతుంది. ముసురు పట్టిన రోజు, లేదా ఇంట్లోనే ఆరేసుకోవాల్సివచ్చినప్పుడు, ఆ చెమ్మ గదిలోనే తిరిగి మళ్లీ బట్టలకే అంటుకుంటుంది. అదే రోజుకో ట్రిప్పయితే నాలుగు కిలోల లోపు బట్టలు, రెండుంపావు లీటర్ల నీళ్లు. మధ్యలో జానెడు సందు వదిలి ఆరేయొచ్చు, కిటికీ తీస్తే చాలు.

నెమ్మదిగా ఆరడంలో ఇంకో చిక్కుంది. ఉతికిన బట్టే, సబ్బు వాసన కూడా వస్తుంటుంది. తొడుక్కుని కాస్త చెమట పట్టగానే ముక్కిన వాసన మొదలవుతుంది. మళ్లీ ఉతికినా పోదు. దీనికి మొరాక్సెల్లా ఒస్లోయెన్సిస్ అనే బాక్టీరియా ముఖ్య కారణమని జపాన్ పరిశోధకులు 2012లో తేల్చారు. ఎండకు, పొడిగా ఆరిపోవడానికి కూడా అది బాగానే ఓర్చుకుంటుందట. తడి ఎంతసేపు నిలిస్తే అంత పెరిగే బాపతు. బట్ట ఆరాక వాసన కనిపించదు, తడి తగలగానే లేస్తుంది. మా పెద్దవాడి ఆటల బనియన్ల సంగతి ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. అంతకుముందు వాడు సరిగ్గా స్నానం చేయడం లేదని తిట్టేవాణ్ని, పాపం.

బుట్టలోనూ ఇదే తంతు. సోమవారం చెమట పట్టిన చొక్కా ఆదివారం దాకా బుట్ట అడుగున ఉంటే కాలరు పసుపెక్కుతుంది, ఆ పసుపు వదలడం కష్టం. తడి తువ్వాలు పైన పడేస్తే చుట్టుపక్కల బట్టలన్నింటికీ దాని వాసనే. వారానికోసారి ఉతికే ఇంట్లో కనీసం ఈ ఒక్క నియమం పెట్టుకోండి, తడిది ఏదైనా ఆరాకే బుట్టలోకి. రక్తం, పాలు, గుడ్డు లాంటి మరకలు పడితే ఆదివారం కోసం ఆగకుండా వెంటనే చన్నీళ్లతో జాడించాలి. వేడినీళ్లు తగిలితే ఆ మాంసకృత్తులు గట్టిపడి దారాల్లో అలాగే కూర్చుంటాయి.

ఇక మడతలు. ఆదివారం రాత్రి మంచం మీద గుట్ట పడేది. సాక్సులు, లోపలి బట్టలు కలుపుకుంటే నూటయాభై దాకా ఉంటాయి. అంత గుట్ట చూస్తే ఎవరికి చెయ్యి వస్తుంది? పడుకునే వేళకు అది కుర్చీలోకి మారేది, పొద్దున మళ్లీ మంచం మీదికి. బుధవారం దాకా అందరం ఆ గుట్టలోంచే లాక్కుని తొడుక్కునేవాళ్లం. గురువారానికి అందులో ఏది ఉతికింది, ఏది విడిచింది అనే అనుమానం మొదలయ్యేది. అనుమానం వచ్చినవన్నీ మళ్లీ ఉతుకుడుకే. శుభ్రంగా ఉన్న బట్టల్ని మేం ఎన్నిసార్లు ఉతికామో లెక్కేలేదు. ఇప్పుడు రోజుకు పాతిక శాల్తీలు. మా అమ్మ, నేను కూర్చుని ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ పది నిమిషాల్లో తేల్చేస్తాం.

ఇక్కడే ఇంకో తేడా కూడా బయటపడింది. ఆదివారం పని ఎప్పుడూ ఒక్కరి నెత్తినే పడేది, ఆ ఒక్కరు మా ఆవిడ. గుట్టను పంచుకోవడం కుదరదు, పాతిక శాల్తీలను పంచుకోవచ్చు. బుట్ట తేవడం పెద్దవాడు, మిషన్ నేను, సాక్సుల జతలు కలపడం చిన్నది. ఈ మాట అన్నప్పుడు మా ఆవిడ ఒప్పుకోలేదు. "ఆదివారమైనా పంచుకోవచ్చుగా, మీరెప్పుడైనా అడిగారా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కాబట్టి ఈ లాభాన్ని పద్ధతి ఖాతాలో ఎంత వేయాలో, నాకు ఆలస్యంగా వచ్చిన బుద్ధి ఖాతాలో ఎంత వేయాలో మీరే చూసుకోండి.

రోజువారీ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. మొదటిది, ఒక్కరోజు తప్పితే మర్నాడు రెండు రోజుల బరువు, రెండు రోజులు తప్పితే ఆదివారం పద్ధతే మళ్లీ దొడ్డిదారిన వచ్చేస్తుంది. జ్వరాలు, ప్రయాణాలు వచ్చినప్పుడు మాకూ అలాగే అయింది. రెండోది, రంగులు. ఒక్కరోజు బట్టల్లో తెల్లవి నాలుగే ఉంటాయి, వాటికోసం మిషన్ వేయలేం, అలాగని కొత్త ఎర్ర చొక్కాతో కలపలేం. మేం రోజుల్ని రంగులవారీగా పంచుకున్నాం. తెల్లవి, లేత రంగులు మంగళ, శుక్రవారాలు. తువ్వాళ్లు బుధ, శనివారాలు. మిగతా రోజులు ముదురువి. కొత్త బట్ట రంగు దిగుతుందేమో అనిపిస్తే రెండుసార్లు విడిగా. మూడోది, మరీ తక్కువ బట్టలు వేస్తే స్పిన్‌లో బరువు ఒకవైపే చేరి డ్రమ్ము ఎగిరెగిరి పడుతుంది. ఒక్క జీన్సు ప్యాంటో, ఒక్క బరువైన తువ్వాలో వేయకండి, జతగా ఇంకేవైనా కలపండి. నాలుగోది, చిన్న ట్రిప్పుకు కూడా అలవాటుగా నిండు మూత పొడి పోసేయడం. నురుగు ఎక్కువైతే జాడింపు చాలదు, సబ్బు బట్టల్లోనే ఉండిపోయి తువ్వాళ్లు బిరుసెక్కుతాయి.

ఏ వేళ వేయాలన్నది ఎవరి వీలు వారిది. రాత్రి వేసి పడుకుంటే తెల్లారేదాకా బట్టలు మూసిన డ్రమ్ములో తడిగా ఉంటాయి, అంటే ఇంతసేపూ నేను తిట్టిన తప్పే. ఆలస్యంగా మొదలయ్యే టైమర్ ఉంటే మనం లేచే వేళకు స్పిన్ అయ్యేలా పెట్టుకోండి. మాది పొద్దున ఆరింటికి ఆగుతుంది, ఆరేయడానికి పావుగంట. ట్రిప్పు అయ్యాక మూత మాత్రం తీసే ఉంచండి.

మధ్యేమార్గంగా వారానికి మూడుసార్లు ఉతికేవాళ్లున్నారు. ముగ్గురు, నలుగురు ఉన్న ఇంటికి అది చక్కగా సరిపోతుంది, రోజూ పెట్టుకోవాల్సిన అవసరమే లేదు. మనిషికో రోజు అని కేటాయించేవాళ్లూ ఉన్నారు. పిల్లలు పెద్దవాళ్లయి ఎవరి బట్టలు వాళ్లు చూసుకునే ఇంట్లో సరే, చిన్నపిల్లలున్నచోట అది కాగితం మీదే ఉంటుంది. బయట ఉతికించడం దుప్పట్లకు, కోట్లకు ఫర్వాలేదు. డ్రయ్యర్ ఉన్నవాళ్లు నా దండెం గోల పట్టించుకోనక్కర్లేదు, వాళ్లకు ఆదివారమే హాయి కావచ్చు, మడతలు మాత్రం తప్పవు.

ఇంకో దారి కూడా చాలామంది చెబుతారు, ఇంకో నాలుగు జతలు కొనేస్తే సరి అని. మేమూ ఆ పని చేశాం. జతలు పెరిగితే ఉతక్కుండా నెట్టుకొచ్చే రోజులు పెరుగుతాయి, ఉతికేనాటి గుట్టా దాంతోపాటే పెరుగుతుంది. రోజూ ఉతికే ఇంట్లో పిల్లలకు మూడు జతల యూనిఫాం చాలు. మా పిల్లలకు ఒక్కొక్కరికి ఆరు జతలు ఉండేవి, వాటిలో ఎప్పుడూ ఒకటి దొరికేది కాదు.

మారాలనుకునేవాళ్లు పాత గుట్ట ఉండగా మొదలుపెట్టకండి. ఒక ఆదివారం కూర్చుని ఉన్నవన్నీ ఉతికి, మడతపెట్టి, బీరువాలో సర్దాక సోమవారం మొదటి ట్రిప్పు వేయండి. నేను గుట్ట ఉంచుకునే మొదలుపెట్టాను. మూడు వారాలు రోజూ ట్రిప్పు వేసినా బుట్ట ఖాళీ కాలేదు, ఈ పద్ధతే పనికిరాదని వదిలేయబోయాను కూడా.

దుప్పట్లు, దిండు గలీబులు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఆదివారమే. ఒక్క దుప్పటి కిలో దాకా తూగుతుంది, నాలుగు వేస్తే వేరేవాటికి డ్రమ్ములో చోటుండదు. ఆ ఒక్క ట్రిప్పూ మా ఆవిడే వేస్తుంది, నన్ను ముట్టుకోనివ్వదు.